పాత టేకు నేల మీద జెల్ స్టెయిన్: రెండు వానాకాలాలు గడిచాక

మచ్చలు పోయాయి, గదంతా ఒకే రంగులోకి వచ్చింది. కాకపోతే ఆ పేరు సగం జెల్ స్టెయిన్‌కి (చెక్కకి పూసే చిక్కటి రంగు), సగం ఉప్పు కాగితానికి దక్కాలి.

మాది వైజాగ్ మహారాణిపేటలో పాత మేడ. పైగది నేలంతా టేకు పలకలే. మాకు ముందున్నవాళ్లు వేయించిన స్టెయిన్ ఒకచోట నల్లగా, ఒకచోట వెలిసిపోయినట్టు ఉండేది. వంగి దగ్గరగా చూస్తే సంగతి తెలిసిపోతుంది. గోడ అంచున చేత్తో నున్నగా రుద్దారు, మధ్యలో మిషన్ గరుకుగా వదిలేసింది. గరుకుగా ఉన్నచోట రంగు ఎక్కువ పట్టి ముదురుతుంది, నున్నటిచోట తేలిపోతుంది. పాత మైనం పాలిష్ మిగిలిన చోట అసలు దిగదు. పైగా చేవ, తెల్లచెక్క కలిసిన పలకలైతే ఒక్కదాంట్లోనే రెండు రంగులు!

అందుకే నేలంతా రుద్దించి, అంచూ మధ్యా తేడా లేకుండా 100 నంబర్ కాగితంతో ముగించాం. రంగు వేసే ముందు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాం. తడికి చెక్క నూగు లేచి రంగు సమంగా పడుతుంది. "నీళ్లు తగిలితే పాడైపోద్ది బాబూ" అన్న మేస్త్రి, మూల పలక మీద తేడా చూశాక మారు మాట్లాడలేదు.

జెల్ గట్టి పెరుగులా ఉంటుంది. లోపలికి పెద్దగా ఇంకదు, పైపైనే నిలుస్తుంది కాబట్టే మచ్చలు కట్టదు. నాలుగేసి పలకలు తీసుకుని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పూసి తుడవాలి. మధ్యలో ఆపితే చార పడుతుంది. డబ్బా మీద రాసిన ఆరే సమయాన్ని వైజాగ్ గాలిలో నమ్మొద్దు. తెల్లగుడ్డతో రుద్దితే రంగు అంటనప్పుడే పీయూ (రంగుకి రక్షణగా పైన వేసే పాలీయురేథేన్ పూత) వేయించండి. నూనె స్టెయిన్ అంటిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయొద్దు, వాటంతటవే అంటుకుంటాయి. విడివిడిగా ఆరేయండి.

నచ్చనివీ ఉన్నాయి. టేకు గీతల అందం కొంత కప్పేసింది. గుమ్మం దగ్గర పీయూ అరిగాక రంగు కూడా లేచిపోయింది. కొద్దిగా రుద్ది, అద్ది, మళ్లీ పీయూ వేస్తే అతుకు కనబడలేదు. మామూలు స్టెయిన్‌తో ఆ సుఖం లేదు.

మేకుల చుట్టూ ఉండే నల్లమరకల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అవి ఇనుము, తేమ, చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం కలిసి పుట్టినవి. ముందు ఆక్సాలిక్ యాసిడ్‌తో తీయించి, బాగా కడిగి ఆరాకే రంగు.