పేరుకి చిన్న మాటా, కొత్తగా కల్పించిన మాటా?

నాలుగు భాషల వాళ్లు పలికే పేరు పెట్టాలి. 'మా' లాంటి ఒక్క అక్షరం తీసుకోవాలా, ఎక్కడా లేని మాట పుట్టించాలా?

నోటికి: చిన్నది ఒక్కసారి వింటే చాలు. కల్పించినదాన్ని మొదట్లో స్పెల్లింగుతో సహా పదిసార్లు చెప్పాలి.

అర్థానికి: అసలు తేడా ఇక్కడే. 'మా' అంటే తెలుగులో మాది, అదీ ఎదుటివాళ్లను కలుపుకోకుండా. హిందీలో అమ్మ. ఇటాలియన్‌లో 'కానీ'. వియత్నామీస్‌లో, గొంతు ఎత్తూ దించూ లేకుండా పలికితే, దెయ్యం. మాండరిన్‌లో స్వరాన్ని బట్టి అమ్మ, గుర్రం, తిట్టడం. 'నే' గ్రీకులో అవును, చెక్‌లో కాదు. మన 'మామ' జార్జియన్‌లో నాన్న! నోటికి తేలికైన అక్షరాలు కొన్నే కాబట్టి ప్రతి భాషా వాటిని ఎప్పుడో వాడేసుకుంది. నాకైతే ఇది ఎన్నిసార్లు చూసినా అబ్బురమే.

శ్రమ: చిన్నదానికి ప్రతి భాషలోనూ ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లనే అడగాలి. నిఘంటువు బూతులు, వాడుకలోని ఎకసెక్కాలు అన్నీ చెప్పదు.

ప్రమాదం: పొడుగైనంత మాత్రాన గండం తప్పదు. మిత్సుబిషి కారు 'పజేరో' పేరు స్పానిష్‌లో బూతు కావడంతో స్పెయిన్‌లో 'మోంటెరో' అయింది. జార్జ్ ఈస్ట్‌మన్ తన కెమెరాలకు 1888లో రిజిస్టర్ చేసిన 'కొడాక్' మాత్రం ఏ భాషకూ చెందని కల్పన.

ఒకటి రెండు భాషల్లోనే తిరిగే పేరైతే చిన్న మాటే తీసుకోండి, ఆ ఆత్మీయత కల్పించినదానికి రాదు. ఏ దేశానికి వెళ్తుందో తెలియని సరుకుకైతే కల్పించుకోండి. పిల్లలకైతే చిన్నదే పెట్టండి, కాకపోతే వాళ్లు పెరగబోయే భాషలో ముందు ఒకరిని అడిగి.