మధుమేహ పాదపుండుకు హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్స: 40 సిట్టింగుల తర్వాత నా అనుభవం

రెండేళ్ళ కిందట మే నెలలో ఒక మధ్యాహ్నం గుడిలో 11 ప్రదక్షిణలు చేశాను. రాతిపలకలు కాలుతున్నాయని పక్కవాళ్ళు గెంతుతూ నడుస్తుంటే నేను మాత్రం నింపాదిగా తిరిగి, అది నా భక్తి మహిమ అనుకున్నాను. సాయంత్రం కుడికాలి బొటనవేలి కింద రేగుపండంత నీటిబొబ్బను మా ఆవిడ చూసి చెప్పేదాకా నాకు తెలియనే లేదు. 22 ఏళ్ళుగా షుగర్ ఉన్న నా పాదాలకు స్పర్శ పోయిందన్నది అసలు సంగతి. ఆ బొబ్బ పుండై, ఆగస్టు నాటికి ఎముకలోకి చీము దిగింది. పాదపుండు తీవ్రతను కొలిచే వాగ్నర్ లెక్కలో అది మూడో గ్రేడు పుండు.

గాలి పీడనం పెంచిన గదిలో (దాన్నే ఛాంబర్ అంటారు) కూర్చుని స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చడమే హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్స. దీని గురించి నన్ను అడిగేవారందరికీ మొదట ఒక విషయం చెబుతాను. ఛాంబర్‌లో కూర్చోవడానికి ముందే నాకు చాలా వైద్యం జరిగింది. శస్త్రవైద్యులు కుళ్ళిన కండరాన్నీ, కొంత ఎముకనూ తీసివేశారు. కాలి ధమనిలో ఉన్న అడ్డును బెలూన్‌తో తెరిచారు. ఆరు వారాలు యాంటీబయాటిక్స్ ఎక్కించారు. పాదం మీద బరువు పడకుండా ప్రత్యేకమైన బూటు వేశారు. ఇంత జరిగినా గుంత పూడకపోతే, అప్పుడు హైదరాబాదులోని ఒక ఆసుపత్రికి పంపారు. రక్తనాళం మూసుకుపోయి ఉండగానే, చీము తీయకుండానే ఛాంబర్‌కు పంపేవారెవరైనా ఉంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఈ చికిత్స తీసుకోవడానికి ముందు పుండు పక్కన చర్మం మీద ఒక చిన్న సెన్సార్ అతికించి, అక్కడి ఆక్సిజన్‌ను కొలిచారు. మామూలు గాలిలో 26 మిల్లీమీటర్లు (బీపీలాగే పాదరసపు లెక్క) వచ్చింది. 40 కంటే తక్కువ ఉంటే ఆ భాగం ఆక్సిజన్‌కు మొహం వాచి ఉన్నట్టేనట. అదే సెన్సార్‌తో ఛాంబర్ లోపల కొలిస్తే 260 దాటింది. లోపల 200 దాటినవారికి పుండు మానే అవకాశం ఎక్కువని వైద్యులు చెప్పారు. నన్ను ఒప్పించినది వారి మాటలకన్నా ఈ రెండు అంకెలే.

ఆక్సిజన్ పీల్చడానికి ఇంత పీడనం ఎందుకన్న సందేహం నాకూ వచ్చింది. మన రక్తంలోని హిమోగ్లోబిన్ మామూలు గాలితోనే దాదాపు 97 శాతం నిండి ఉంటుంది కాబట్టి, దానిలో ఇంకా నింపడానికి చోటు ఉండదు. అయితే రక్తంలోని ద్రవభాగంలో, అంటే ప్లాస్మాలో, ఆక్సిజన్ నేరుగా కరుగుతుంది. మామూలుగా అది 100 మిల్లీలీటర్ల రక్తానికి 0.3 మిల్లీలీటరు మాత్రమే. సోడాలో ఒత్తిడితో గ్యాసు కరిగించినట్టే, పీడనం పెంచి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే అది అనేక రెట్లు పెరిగి, మూడు వాతావరణాల పీడనం (అంటే మన చుట్టూ ఉండే మామూలు గాలి పీడనానికి మూడింతలు) వద్ద 6 మిల్లీలీటర్ల దగ్గరకు చేరుతుంది. ఎర్రకణం దూరలేని సన్నని సందులోకి కూడా ప్లాస్మా చేరగలదు. 1960లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బోరేమా అనే శస్త్రవైద్యుడు పందిపిల్లల రక్తంలో ఎర్రకణాలను దాదాపు పూర్తిగా తొలగించి, ఛాంబర్‌లో కరిగిన ఆక్సిజన్‌తోనే వాటిని బతికించి చూపించాడు. ఛాంబర్ నుంచి బయటికి వచ్చిన కొద్దిసేపట్లోనే ఈ పెరుగుదల తగ్గిపోతుంది. కొత్త కేశనాళికలు పుట్టడానికీ, తెల్లకణాలు సూక్ష్మక్రిములను చంపడానికీ, కణజాలాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ అల్లుకోవడానికీ రోజూ ఆ మోతాదు మళ్ళీ మళ్ళీ అందాలి. అందుకే ఒకటి రెండు సిట్టింగులతో ఏమీ తేలదు.

నేను వెళ్ళింది ఆరుగురు కూర్చునే ఉక్కు ఛాంబర్. గదిలో నింపేది మామూలు గాలే. ఆక్సిజన్ మాస్కు ద్వారా అందుతుంది. ఒక్కరే పడుకునే పారదర్శకమైన గొట్టం లాంటి ఛాంబర్లు కూడా ఉన్నాయి గాని, ఇరుకంటే భయపడే నాకు ఇదే నయమనిపించింది. తలుపు మూసి పీడనాన్ని నెమ్మదిగా 2.4 వాతావరణాలకు పెంచుతారు. సముద్రంలో 14 మీటర్ల లోతుకు దిగినదానితో అది సమానం. పీడనం పెరిగేటప్పుడు గాలి వెచ్చబడి ఒళ్ళంతా చెమట పడుతుంది. చివర్లో తగ్గించేటప్పుడు చల్లబడి, ఒక్కోసారి గదిలో పలచని మంచు తెర లేస్తుంది. మొదటివారంలో మాతో ఉండే నర్సు ఒక ఖాళీ నీళ్ళ సీసాకు మూత బిగించి బల్ల మీద పెట్టింది. పది నిమిషాల్లో అది పిండిన గుడ్డలా నలిగి సగానికన్నా తగ్గిపోయింది. “మీ చెవిలో గాలికీ ఇదే జరుగుతుంది తాతగారూ, గుటకలు వేస్తూ ఉండండి” అంది. బయటికి వచ్చేసరికి సీసా మళ్ళీ యథాతథంగా ఉబ్బింది.

నా చెవి విషయంలో ఆ సలహా ఒక సిట్టింగు ఆలస్యమైంది. తొలి సిట్టింగులో వేరే టెక్నీషియన్ పీడనాన్ని తొందరగా పెంచాడు. తిరుమల ఘాట్ దిగేటప్పుడు చెవులు దిబ్బళ్ళు పడటం మనందరికీ తెలిసిందే. ఇది దానికి పదింతలు. ఎడమచెవిలో సూది గుచ్చినట్టయినా, నలుగురి ముందు చెప్పడానికి మొహమాటపడి ఊరుకున్నాను. కర్ణభేరి వెనక రక్తం చేరి, ఐదు రోజులు చికిత్స ఆపవలసి వచ్చింది. నొప్పి మొదలవగానే చెయ్యి ఎత్తితే పీడనాన్ని కాస్త తగ్గించి ఆగుతారని, ఆ మాట ముందే చెప్పవలసిందని తర్వాత తెలిసింది. ఈ విషయంలో ఆసుపత్రిది తప్పే, నాదీ తప్పే.

ఒక్కో సిట్టింగు మొత్తం రెండు గంటలు పడుతుంది. అందులో 90 నిమిషాలు ఆక్సిజన్. మధ్యమధ్య ఐదేసి నిమిషాలు మాస్కు తీయించి మామూలు గాలి పీల్పిస్తారు. ఆక్సిజన్ ఎక్కువై మూర్ఛ వచ్చే ప్రమాదాన్ని తగ్గించడానికే ఆ విరామం. అది అరుదైనదే గాని లేనిది కాదు. షుగర్ రోగులకు ఇంకో చిక్కు ఉంది: లోపల చక్కెర పడిపోతుంది. నాకు 140 కంటే తక్కువ ఉన్న రోజున రెండు ఇడ్లీలు తినిపించి, మళ్ళీ పరీక్షించి గాని లోపలికి పంపలేదు.

నూలు బట్టలే వేసుకోవాలి. తలకు నూనె, ఒంటికి క్రీము, జేబులో ఫోను ఏదీ కూడదు. ఇంత తనిఖీ చాదస్తమని మొదట విసుక్కున్నాను. 1997లో ఇటలీలోని మిలన్ నగరంలో ఒక ఛాంబర్‌లో మంటలు లేచి 11 మంది చనిపోయారని చదివాక జేబులు నేనే తిప్పి చూపించడం మొదలుపెట్టాను.

పాతికో సిట్టింగు ప్రాంతంలో ఒక వింత జరిగింది. చత్వారపు కళ్ళద్దాలు లేకుండా పత్రికలో చిన్న అక్షరాలు చదవగలిగాను. పుండుతో పాటు కళ్ళూ బాగుపడ్డాయని ఇంట్లో సంబరపడ్డాం. మరుసటి రోజు మెట్రో స్టేషన్‌లో బోర్డు కనబడక తికమకపడినప్పుడు గాని అర్థం కాలేదు: ఆక్సిజన్ వల్ల కంటి కటకం తాత్కాలికంగా మారి, హ్రస్వదృష్టి, అంటే దూరపువి మసకగా కనబడే లోపం, వచ్చిందట. రెండున్నర నెలలకు చూపు పాత స్థితికి వచ్చి, చత్వారమూ తిరిగివచ్చింది. ఆ మధ్యలో కొత్త అద్దాలు కొనవద్దని చెప్పినవారికి నా కృతజ్ఞతలు.

ఇక ఫలితం. పన్నెండో సిట్టింగు దాకా డ్రెస్సింగ్ విప్పినప్పుడల్లా అదే పాలిపోయిన గుంత. ఆ తర్వాత అడుగున దానిమ్మగింజల్లాంటి ఎర్రని కణజాలం కనబడింది. 40 పూర్తయ్యేసరికి గుంత పూడింది గాని చర్మం కప్పలేదు. అది మరో ఏడు వారాలకు మూసుకుంది. ఇదంతా ఆక్సిజన్ ఘనతేనని నేను చెప్పలేను. స్వీడన్‌లో 2010లో వెలువడిన పరిశోధనలో ఏడాది తర్వాత ఈ చికిత్స పొందినవారిలో 52 శాతం మందికి, పొందనివారిలో 29 శాతం మందికి పుండు మానింది. 2018లో నెదర్లాండ్స్‌లో 120 మంది మీద జరిగిన పరిశోధనలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అన్ని సిట్టింగులూ పూర్తి చేయలేకపోయినవారు అందులో ఎందరో ఉన్నారు.

నాకు సిట్టింగుకు 3,500 రూపాయల చొప్పున 1,40,000 అయింది. బీమా కంపెనీ మొదట కాదంది. ఫొటోలూ, సెన్సార్ అంకెలూ పంపాక సగం చెల్లించింది. కంప్రెసర్ పాడై నాలుగు రోజులు పోయినప్పుడు ముందుగా ఫోను చేసి చెప్పకపోవడం నాకిప్పటికీ మింగుడుపడని విషయం. రాజమండ్రి నుంచి వచ్చి కూతురి ఇంట్లో ఉంటూ రోజూ గంటన్నర ప్రయాణం చేసేవాణ్ణి. యౌవనం కోసమనీ, నిగారింపు కోసమనీ మెత్తని సంచుల్లో 1.3 వాతావరణాలకు గాలి ఊది అమ్మే సేవలు వేరు. పేరు ఒకటే గాని, నా పుండుకు ఇచ్చిన మోతాదు అది కాదు.

పుండు మూసుకుని 14 నెలలయింది. రోజూ రాత్రి చిన్న అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకుంటాను. షుగర్ రోగుల పాదాల కోసం మెత్తని రబ్బరుతో చేసే ఎం.సి.ఆర్. చెప్పులు ఇంట్లో కూడా విప్పను. పూజగదిలోకి వేసుకోవడానికి విడిగా ఒక జత ఉంచుకున్నాను. మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు గాని, ఇప్పుడు ఆ జతను ఆవిడే తుడిచి గుమ్మం దగ్గర పెడుతోంది.