ఉలాన్-ఉదే: రైలు దిగి చూడవలసిన ఊరు

ఇర్కూత్స్క్‌లో దిగి బైకాల్ సరస్సు చూసుకుని వెనుదిరగడం సైబీరియా యాత్రికులకు అలవాటు. మేము అక్కడి నుంచి తూర్పుగా మరో 456 కిలోమీటర్లు వెళ్లి, రష్యాలోని బురియాతియా గణతంత్రానికి రాజధాని అయిన ఉలాన్-ఉదేలో మూడు రోజులు ఉన్నాం. మాస్కోకు సుమారు 5,640 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు అందానికి పేరుపడినది కాదు. కానీ రైలుమార్గం ఒక ఊరిని నిలబెట్టి, మరో ఊరిని ఎలా కుదేలు చేస్తుందో తెలుసుకోవాలంటే ఆ దారిలో ఇంతకంటే తగిన చోటు నాకు కనిపించలేదు.

ప్రయాణానికి ప్లాట్స్‌కార్ట్ తరగతిని ఎంచుకున్నాం. అది తలుపులు లేని 54 పడకల పెట్టె, మన స్లీపర్ క్లాసుకు దగ్గరి చుట్టం. పరుపు దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, పెట్టె చివర సమోవార్‌లో వేడినీళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉన్నాయి. స్లుద్యాంకా దాటాక బైకాల్ ఎడమవైపున గంటల తరబడి వెంట వస్తుంది కనుక పగటి రైలే ఎక్కాలి. 2018 దాకా దేశమంతటా రైలు టికెట్ల మీద మాస్కో సమయమే ఉండేది. ఇప్పుడు స్థానిక సమయమే వేస్తున్నారు కాబట్టి, పాత యాత్రావిశేషాలు చదివి ఐదు గంటలు కలుపుకునే శ్రమ అవసరం లేదు.

ఉదా నది సెలెంగాలో కలిసే చోట 1666లో కొసాక్కులనే రష్యన్ సరిహద్దు సైనికులు శీతకాలపు విడిది కట్టుకోవడంతో ఈ ఊరు మొదలైంది. 1775లో వెర్ఖ్నెఉదిన్స్క్ పేరుతో నగర హోదా పొందింది. దాని సంపదకు మూలం తేయాకు. 1727 నాటి ఒప్పందంతో చైనా వర్తకానికి ద్వారమైన క్యాఖ్తా నుంచి తేయాకు మూటల బిడారులు ఈ ఊరి మీదుగానే పడమటికి సాగేవి. వర్తకుల సొమ్ముతో లేచిన ఒదిగిత్రియెవ్‌స్కీ చర్చి ఊరిలో తొలి రాతికట్టడం. 1741లో పని ప్రారంభించిన ఆ చర్చి, పాత అంగళ్ల వరుసలు, చెక్క ఇళ్ల కిటికీల చుట్టూ చెక్కిన అల్లికలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక తేయాకు ఓడలెక్కింది. 1899లో రైలు వచ్చింది గాని, అది క్యాఖ్తాకు పోకుండా వెర్ఖ్నెఉదిన్స్క్ మీదుగా వెళ్లింది. కోటీశ్వరుల ఊరని పేరున్న క్యాఖ్తా అలా ఒక మూలకు పడిపోయింది.

బస విషయంలో మేము ఒక పొరపాటు చేశాం. సౌకర్యంగా ఉంటుందని మొదటి రాత్రి స్టేషన్‌కు దగ్గర్లోని హోటల్‌లో దిగాం. గది చవకే గాని రాత్రంతా సరుకు రైళ్ల కూతలు వినిపించాయి, కుళాయిలో వేడినీళ్లు రాలేదు. వేసవిలో గొట్టాల మరమ్మతు కోసం రష్యా నగరాల్లో కొన్ని రోజులపాటు వేడినీటి సరఫరా నిలిపివేయడం మామూలే కనుక, గదిలో సొంత గీజరు ఉందో లేదో ముందే అడగాలి. మర్నాడు పాత అంగళ్ల వీధుల్లోని చిన్న అతిథిగృహానికి మారాం. హాయిగా ఉంది, అన్నీ నడిచి చూడవచ్చు. అయితే విదేశీయుల నమోదు కాగితాలు ఇవ్వడానికి అక్కడివారు తటపటాయించారు. ఆ నమోదు చట్టప్రకారం తప్పనిసరి కాబట్టి డబ్బు కట్టకముందే తేల్చుకోవడం మంచిది.

సోవియట్ చౌరస్తాలో 42 టన్నుల లెనిన్ తల ఉంది. 1971లో పెట్టారు. ఫొటో తీసుకున్నాక అక్కడ చేయడానికి పెద్దగా ఏమీ లేదు. నా దృష్టిలో దానికంటే మార్ష్రూత్కా వ్యాన్ ఎక్కి రైల్వే కార్ఖానా పేట దాకా వెళ్లి రావడం మేలు. ఆవిరి ఇంజన్లు, పెట్టెలు బాగుచేయడానికి 1930లలో కట్టిన ఆ కార్ఖానా, తర్వాత కొత్త ఆవిరి ఇంజన్లను కూడా తయారు చేసింది. ఇప్పుడు అక్కడ విద్యుత్ ఇంజన్లను బాగుచేస్తారు. లోపలికి రానివ్వరు గాని, కార్మికుల కోసం కట్టిన ఇళ్ల వరుసలను చూస్తే ఊరు ఎవరి జీతాల మీద పెరిగిందో తెలుస్తుంది. రెండో పెద్ద ఆధారం 1939లో వచ్చిన విమాన కార్ఖానా. మన వైమానిక దళం వాడే మి-17ల కుటుంబానికి చెందిన మి-171 హెలికాప్టర్లు అక్కడ తయారవుతాయి. ఈ రెండింటికీ తోడు మంగోలియా శాఖామార్గం ఉంది. అది ఈ ఊరి పక్కనున్న జఉదిన్‌స్కీలో చీలి, 1949లో ఉలాన్‌బాతర్‌కు, ఆ తర్వాత బీజింగ్ దాకా చేరింది. తేయాకు పాతదారికి దాదాపు సమాంతరంగా ఇప్పుడు పట్టాలున్నాయి.

తిండి శాకాహారులకు కొంచెం కష్టమే. ఊరంతా మాంసం కూరిన ఆవిరి కుడుములు, వాటి పేరు బూజా. మాకు స్తలోవాయా అనే స్వయంసేవా భోజనశాలలు అక్కరకొచ్చాయి. అక్కడ ఉడికించిన బక్‌వీట్, క్యాబేజీ, బంగాళాదుంప కూరిన పిరోష్కీలనే చిన్న రొట్టెలు దొరికాయి. మన బ్యాంకుల వీసా, మాస్టర్ కార్డులు 2022 నుంచి రష్యాలో పనిచేయడం లేదు కనుక నగదు వెంట ఉండాలి. ఊరికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఇవొల్గిన్‌స్క్ బౌద్ధారామానికి సగం రోజు సరిపోతుంది.

క్యాఖ్తాకు మాత్రం వెళ్లలేకపోయాం. రెండు వందల కిలోమీటర్లకు పైగా రోడ్డు మీదే పోవాలి, రానుపోను రోజంతా పడుతుందన్నారు. ఒకప్పుడు ఆ దారినే వచ్చిన తేయాకుతో పెరిగిన ఊళ్లో, పాలు కలిపిన ఉప్పు టీ తాగుతూ ఆ రోజు స్టేషన్ వంతెన మీద బొగ్గు రైళ్లు లెక్కపెట్టుకున్నాం.