కామ లేని సుత్తి కొన్నాను: గెన్నోతో ఎనిమిదేళ్లు

సుత్తికి కూడా రివ్యూ రాస్తారా అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, మా ఆవిడ ఆ నవ్వు 2017లోనే నవ్వేసింది. పదహారు వేల యెన్లు పోసి, కామ (చెక్క పిడి) కూడా లేని ఇనుప ముద్ద ఒకటి పాత పేపర్లో చుట్టించుకుని ఇంటికి తెచ్చాను మరి. అప్పుడు మేం టోక్యో పక్కన సైతామాలో ఉండేవాళ్లం, వారమంతా కంప్యూటర్ ముందు, శని ఆదివారాలు బాల్కనీలో చెక్కపని. 2021లో హైదరాబాద్ వచ్చేశాం. వచ్చేటప్పుడు సగం ఫర్నిచర్ అక్కడే ఎవరెవరికో ఇచ్చేశాను గానీ ఈ సుత్తి మాత్రం చెక్-ఇన్ బ్యాగులో స్వెట్టర్ల మధ్య పడుకుని మాతోనే వచ్చింది.

దీన్ని గెన్నో అంటారు, జపాన్ వడ్రంగుల సుత్తి. మేకు పీకే కొమ్ములు ఉండవు, రెండు వైపులా కొట్టే ముఖాలే. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ కాదు. ఒకటి బల్లపరుపు, రెండోది రవ్వంత ఉబ్బు. ఆ ఉబ్బు కంటికి సరిగ్గా ఆనదు, స్టీలు స్కేలు ఆనించి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అంచుల దగ్గర సందు కనిపిస్తుంది. ఉలి కొట్టడానికి, మేకు దించడానికి బల్లపరుపు ముఖం. మేకు చెక్కలోకి పూర్తిగా దిగే ఆఖరి దెబ్బకి తిప్పి ఉబ్బు ముఖంతో కొడితే సుత్తి అంచు తగిలి చెక్క మీద నెలవంక గాటు పడదు. మొదట్లో ఎటు ఏదో గుర్తుండక తప్పులు కొట్టేవాణ్ని, ఇప్పుడు చెయ్యి తనంతట తనే తిప్పుకుంటుంది.

ఉబ్బు ముఖానికి ఇంకో పని కూడా ఉంది, నన్ను ఈ సుత్తికి కట్టిపడేసింది అదే. జపాన్ వడ్రంగులు కుసిని (అతుకు కోసం చెక్క చివర్న నాలుకలా చెక్కిన ముక్కని) బెజ్జంలోకి దించే ముందు కుసి అంచుల్ని ఈ ముఖంతో చిన్నగా కొట్టి కొంచెం నొక్కుకుపోయేలా చేస్తారు. నొక్కుకున్న కుసి సులువుగా దిగుతుంది, తర్వాత జిగురులో తడో గాలిలో తేమో తాగి మళ్లీ ఉబ్బి లోపల బిగుసుకుంటుంది. దీన్ని కిగోరోషి అంటారు, అంటే చెక్కని చంపడం. చంపడమేంటి అని నాకూ అనిపించింది గానీ ఈ సుత్తి చుట్టూ ఉన్న మాటలన్నీ ఇలాగే ఉంటాయి. కామకి వాడే ఒక చెట్టు పేరు ఉషికోరోషి, పశువుని చంపేది అని, నిజానికి దాంతో చేసేది పశువుల ముక్కుకి వేసే కడియం. ఇక గెన్నో అన్న పేరుకి చెప్పే కథ ఏమిటంటే, నాసు అనే చోట తొమ్మిది తోకల నక్క రాయిగా మారిందట, దగ్గరికెళ్లిన ప్రాణినల్లా ఆ రాయి చంపేసేదట, గెన్నో అనే బౌద్ధ సన్యాసి సుత్తి పెట్టి దాన్ని పగలగొట్టాడట, అందుకని సుత్తికి ఆయన పేరు. ఆ రాయి 2022 మార్చిలో రెండుగా చీలి కనిపించింది, ఇంకేముంది, నక్క బయటపడిందని ఆన్‌లైన్‌లో ఒకటే గోల.

సరే, కొన్న సంగతి. నీగాతా వైపు సాంజో అనే ఊరుంది, టోక్యో నుంచి బుల్లెట్ రైలు షింకాన్‌సెన్ ఎక్కితే రెండు గంటల లోపు ప్రయాణం, ట్సుబామె-సాంజో స్టేషన్‌లో దిగాలి. వరదలకి పంటలు పోయే రైతులు 17వ శతాబ్దంలో పక్క సంపాదన కోసం మేకులు కొట్టడం మొదలుపెట్టిన చోటు అది, ఇప్పటికీ అక్కడ కమ్మరి పనిదే రాజ్యం. ఆ వైపు హసెగావా కొసబురో అనే గెన్నో కమ్మరి పేరు ఈ పిచ్చి ఉన్నవాళ్లకి బాగా తెలుసు, ఆయన చేసినవి ఇప్పుడు వాడేవాళ్ల కంటే దాచుకునేవాళ్ల దగ్గరే ఎక్కువ ఉంటాయి. నాది అంత పేరున్న చేతిది కాదు. 100 మొమ్మెల తల. మొమ్మె అంటే 3.75 గ్రాములు, అంటే 375 గ్రాములు, మన పాత లెక్కలో ఇంచుమించు 32 తులాలు. ముత్యాలు తూచేదీ ఇదే మొమ్మెతో అని తర్వాత తెలిసింది.

తలలో గొప్పేముంది అంటే, రెండు ముఖాలూ కాల్చి గట్టిపరిచి, నడుము మాత్రం మెత్తగా వదిలేస్తారు. కామ దూరే బెజ్జం పక్క గోడలు పలచన, అవి కూడా గట్టిబడితే ఎప్పుడో ఒకరోజు చిట్లుతాయి. ఇంతవరకూ ఫ్యాక్టరీ సుత్తులకి కూడా చేస్తారు. చేతిపని తేడా నాకు కనిపించింది బెజ్జంలో. సన్నగా, పొడుగ్గా, నాలుగు గోడలూ తిన్నగా, లోపల ఆకురాయి గీతలు కూడా ఒకే వరసలో. దుకాణంలో అది చూపించినప్పుడు నాకేమీ అర్థం కాలేదు, సుత్తి కొనేవాడు ముఖం చూస్తాడు గానీ బెజ్జం ఎందుకు చూస్తాడు అనుకున్నా. కామ బిగించడానికి కూర్చున్నాక గానీ తెలిసిరాలేదు.

ఎందుకంటే గెన్నోకి చీలిక దిగ్గొట్టరు. మన సుత్తులకైనా గొడ్డళ్లకైనా కామ పైనుంచి చెక్క చీలికో ఇనప చీలికో కొట్టి బిగిస్తాం కదా, ఇక్కడ అదేమీ లేదు. కామ మొనని బెజ్జం కంటే వెంట్రుకవాసి పెద్దగా చెక్కుకుని, దాన్ని కూడా సుత్తితో కొట్టి "చంపి", దూర్చాలి. తలని కిందికి వేలాడేసి కామ చివర చెక్క సుత్తితో కొడుతుంటే, తల కదలదు, కామ దానిలోకి దిగుతూ ఉంటుంది, ఊళ్లో పార కామ బిగించినవాళ్లకి ఇది కొత్తేం కాదు. పొడవు ఎవరి చేతికి వాళ్లదే: తలని గుప్పిట్లో పట్టుకుంటే కామ చివర మోచేతి మడత దగ్గరికి రావాలి. పట్టుకునే వైపు కాస్త వంపు కూడా ఉండాలి, లేదంటే ముఖం పూర్తిగా ఆనకుండా అంచు ముందు తగులుతుంది.

నా మొదటి కామ ఓక్ చెక్కది, జూన్‌లో బిగించాను. అక్కడ జూన్ అంటే వానలు, గోడలకే చెమట పడుతుంది. రాయిలా బిగిసింది, తెగ మురిసిపోయాను. జనవరిలో ఒకరోజు ఉలి కొడుతుంటే టక్ మనాల్సింది టకటక మంది. టోక్యో వైపు చలికాలం పెదాలు పగిలేంత పొడి, చెక్క ఎండి కుంచించుకుపోయింది. మా తాతయ్య పార కామ వదులైతే నీళ్ల తొట్టిలో పడేసేవాడు, నేనూ అదే చేశాను, రాత్రంతా బకెట్లో. రెండు రోజులు భేషుగ్గా ఉంది. మూడో రోజుకి ముందుకంటే వదులు. చెక్క నీళ్లు తాగి ఉబ్బుదామంటే చుట్టూ ఇనుము, చోటు లేక దాని నార అదే నలుగుతుంది, ఆరాక మునుపటి కంటే సన్నబడుతుంది. వారం వారం వెళ్లే చెక్కపని క్లాసులో ఒక పెద్దాయనకి చూపిస్తే ఏమీ అనలేదు, తన సంచిలోంచి తన సుత్తి తీసి నా చేతిలో పెట్టాడు. చెమట పట్టీ పట్టీ నల్లబడిన కామ. ఎన్నేళ్లదని అడిగితే ఆలోచించి, "ఏమో, మా అబ్బాయి బడికి పోయేటప్పుడు బిగించా" అన్నాడు. ఆ అబ్బాయికి అప్పటికి పెళ్లయిపోయింది.

రెండో కామ చెక్కి రెండు నెలలు హీటర్ దగ్గర ఎండబెట్టి ఫిబ్రవరిలో బిగించాను. చెక్క అన్నిటికంటే పొడిగా ఉన్నప్పుడు బిగిస్తే, ఆ తర్వాత వచ్చే ఏ కాలమైనా దాన్ని బిగించేదే అవుతుంది, అంతే రహస్యం. అది హైదరాబాద్ వచ్చేదాకా కదల్లేదు. ఇక్కడ 2022 మేలో, ఆ ఎండకి, మళ్లీ కొంచెం ఆడింది. మూడోది నల్లతుమ్మ, మా ఊళ్లో బండి చక్రాలకి, నాగళ్లకి వాడిన చెక్క, ఏడాది ఆరబెట్టి, ఆ మరుసటి మేలో మిట్టమధ్యాహ్నం బిగించాను. ఓక్ కంటే బరువు, చేతికి కాస్త మొరటు, కానీ ఇప్పటిదాకా ఒక్క చప్పుడు తేడా లేదు.

వాడకం ఎలా ఉంటుందంటే, బరువంతా పొట్టి తలలోనే ఉండటం వల్ల ఊపక్కర్లేదు, ఎత్తి వదిలితే చాలు. జపాన్ ఉలి పిడికి మన రోకలికి పొన్ను ఉన్నట్టు పైన ఇనప కట్టు ఉంటుంది, ఇనప సుత్తి దెబ్బ తట్టుకోడానికే. నాలుగు గంటలు టేకులో బెజ్జాలు తీసినా మణికట్టు నొప్పి రాదు. అన్నిటికీ ఇదే సరిపోదు, చిత్రిక బ్లేడుని తట్టి సరిచేయడానికి ఇది మరీ బరువు, దానికి వేరే చిన్నది పెట్టుకున్నా.

నచ్చనివీ ఉన్నాయి. మేకు వంగితే పీకడానికి ఇంకో పనిముట్టు వెతుక్కోవాలి. వానాకాలంలో నూనె గుడ్డతో తుడవకపోతే వారంలో తుప్పు చుక్కలు. పైగా ముఖాలు గట్టివి, పొరపాటున ఇంకో సుత్తి ముఖానికి తగిలితే అంచు ఎగిరి కంట్లో పడొచ్చు, పిల్లలున్న ఇంట్లో ఇది జాగ్రత్త. ఇక ధర. హోమ్ సెంటర్‌లో (జపాన్‌లో ఇంటి పనుల సామాన్లు అమ్మే పెద్ద దుకాణం) 2,500 యెన్లకి కామతో సహా కొన్న మామూలు గెన్నో కూడా నా దగ్గర ఉంది. దాని బెజ్జం ఒక పక్కకి వంకర, కామ కూడా వంకరగానే కూర్చునేది, రెండు ఆదివారాలు ఆకురాయి పట్టి తిన్నగా చేసి తుమ్మ కామ వేశాను. ఇప్పుడు కళ్లు మూసుకుని ఉలి మీద కొట్టమంటే ఏది ఏదో నేను చెప్పలేను. పదహారు వేలు పెట్టే ముందు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఖరీదైనది ఇచ్చింది ఆ రెండు ఆదివారాలు మిగలడం, మొదటిసారే సరైన బెజ్జం ఎలా ఉంటుందో తెలియడం.

మొన్న ఇంట్లో వార్డ్‌రోబ్ పనికి వచ్చిన మేస్త్రి దీన్ని అటూ ఇటూ తిప్పి, "మేకు పీకనీకి కొమ్ములేవి సార్?" అన్నాడు. తర్వాత తన ఉలి తీసి ఒక పది దెబ్బలు కొట్టి చూసుకుని, ఏమీ మాట్లాడకుండా కామ చివర బొటనవేలుతో రుద్దాడు. సాయంత్రం వెళ్లేటప్పుడు, "పక్క అపార్ట్‌మెంట్ల రెండ్రోజుల పనుంది సార్, ఇది ఇస్తరా, ఎల్లుండి తెచ్చిస్త" అని అడిగాడు. రెంటికీ తేడా తెలీదని పైన రాశాను కదా. అయినా లోపలికెళ్లి హోమ్ సెంటర్‌ది తెచ్చిచ్చాను.