అత్త వాళ్ల కుక్కకి కొన్న వంటింటి కాటా

తెల్ల ప్లాస్టిక్ డిజిటల్ కాటా ఇది. పైన గుండ్రటి తూకం పళ్లెం, కింద చిన్న తెర, బటన్లు. 10 కిలోల దాకా తూస్తుంది, గ్రాము తేడా కూడా చూపిస్తుంది. ఆన్‌లైన్‌లో 300 చిల్లర పడింది. కేకులు చేసేవాళ్లూ, డైటింగ్ చేసేవాళ్లూ దీని గురించి బోలెడు రాశారు. నేను కొన్నది మాత్రం మా మేనత్త ఇంటికి, ఆవిడ పెంచుకునే లాబ్రడార్ కోసం. మీ చుట్టాల్లోనూ కుక్కకి ముద్ద మీద ముద్ద పెట్టేవాళ్లుంటే ఈ రివ్యూ మీకే.

అత్త వాళ్లది గుంటూరు బ్రాడీపేట. నేనుండేది విజయవాడలో కాబట్టి తరచూ వెళ్లొస్తుంటాను. అత్త పిల్లలిద్దరూ బయటి దేశాల్లో ఉన్నారు. ఇంట్లో అత్త, మావయ్య, వాళ్ల లాబ్రడార్ చిట్టి. చిట్టికి ఆరేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఆ ఆపరేషన్ అయ్యాక కుక్కకి తిండి అవసరం తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. ఆడ లాబ్రడార్ మామూలుగా 25 నుంచి 32 కిలోల మధ్య ఉండాలి. మా చిట్టి 41. డాబా మెట్లు సగం ఎక్కి అక్కడే కూర్చుండిపోయేది. ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు, నాలుక బయటపెట్టి బాత్‌రూమ్ గచ్చు మీదే మకాం. వీధిలో ఎవరైనా "దూడని పెంచుతున్నారా అమ్మా?" అంటే అత్త మురిసిపోయేది.

పెట్టేది ఏంటంటే, ప్యాకెట్ ఫుడ్ ఎలాగూ ఉంటుంది. కాఫీ టైముకి గ్లూకోజ్ బిస్కెట్లు, టిఫిన్ టైముకి నెయ్యి వేసిన ఇడ్లీ, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం మావయ్య ప్లేట్లోంచి జంతికలు, ఆదివారం చికెన్ చర్మం. వద్దన్నామా, "తినే నోటికి అడ్డం పడతావేందే? నోరులేని జీవం, ఆకలైతే చెప్పుకోగలదా?" అంటుంది. చెప్పుకోవడంలో చిట్టిని మించినవాళ్లు లేరు. గిన్నె నోట కరుచుకొచ్చి కాళ్ల దగ్గర ఠంగుమని పడేస్తుంది.

లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒక వంతు వాటికి పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లోపించి ఉంటుందని, వాటికి ఆకలి యావ మిగతావాటి కంటే ఎక్కువని కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో తేల్చారు. ఇది చెబితే అత్త కాస్త ఆలోచిస్తుందనుకున్నాను. "చూశావా, దానికి నిజంగానే ఆకలేస్తుందంట!" అని ఇంకో ఇడ్లీ తెచ్చింది.

కాటా కంటే ముందు ఒక స్లో ఫీడర్ గిన్నె కొని తెచ్చాను. లోపల అడ్డదిడ్డంగా గట్లు ఉంటాయి, కుక్క గబగబా మింగకుండా వెతుక్కుంటూ తినాలి. ప్యాకెట్ ఫుడ్ వరకు అది బాగానే పనిచేసింది. కానీ తినే వేగం తగ్గింది తప్ప తిండి తగ్గలేదు. పైగా ఆ గట్ల సందుల్లో పెరుగన్నం ఎండిపోయింది. "దీన్ని కడిగేదెవరు, మీ నాన్నా?" అని అత్త దాన్ని వాష్ ఏరియాలో బోర్లించేసింది. దానికి రెండు స్టార్లు.

దారి చూపించింది డాక్టరుగారు. థైరాయిడ్ రక్తపరీక్ష చేయించి, అందులో ఏమీ లేదని తేలాక, "రోజుకి ఎంత పెడుతున్నారమ్మా?" అని అడిగారు. "ఎంతండీ, పూటకి ఒక కప్పు" అంది అత్త. ఆ కప్పు నాకు తెలుసు. బియ్యం కొలిచే పాత డబ్బా. అదీ కొసరుతో. కొసరు లేకుండా వడ్డించడం ఆవిడకి చేతకాదు. అసలు కప్పులతో కొలిస్తే ఎవరికైనా తప్పుతుందట. కెనడాలో గ్వెల్ఫ్ యూనివర్సిటీ వాళ్లు 2019లో ఇదే పరీక్షించి చూస్తే, కొలిచినవాళ్లు కొందరు సగానికి సగం తక్కువ పోశారు, కొందరు రెట్టింపు దాటించారు. డాక్టరుగారు కప్పు మాట వదిలేసి గ్రాముల్లో రాసిచ్చారు. చిట్టి దిగాల్సిన బరువు 30 కిలోలు. ఆ బరువున్న కుక్కకి ఊరికే పడుకుని ఉండటానికి కావాల్సింది సుమారు 900 కేలరీలు, బరువు తగ్గాలంటే ఆ లెక్కలోనే ఉండాలి. ప్యాకెట్ ఫుడ్ పొద్దున 130 గ్రాములు, సాయంత్రం 130. పైతిండి మొత్తం కలిపి పదో వంతు దాటకూడదు. ఆ కాగితం చూశాకే కాటా ఆర్డర్ పెట్టాను.

మొదటిసారి వాడినప్పుడు చూడాల్సింది. ఖాళీ గిన్నె పెట్టి, గిన్నె బరువు తీసేసే టేర్ బటన్ నొక్కితే తెర మీద సున్నా వచ్చింది. "గిన్నె బరువు ఎటు పోయిందే?" అని అత్త అనుమానంగా గిన్నె ఎత్తి చూసింది. తర్వాత తన డబ్బాతో అలవాటుగా ఒంపింది. 90, 150, 210... 240 దగ్గర ఆగింది. కాగితం వైపు చూసింది, కళ్లజోడు సర్దుకుని తెర వైపు చూసింది. గుప్పెడు తీసింది. మళ్లీ గుప్పెడు. ఆఖర్న ఒక్కో గింజా వేళ్లతో ఏరి, 130 దగ్గర నిలబెట్టింది. బంగారం కొట్లో కూడా అంత శ్రద్ధగా తూకం చూసి ఉండదు. ఆ ఊపులో పెరుగన్నం "ఒక్క ముద్ద" కూడా కాటా మీద పెట్టించాను. 112 గ్రాములు. గ్లూకోజ్ బిస్కెట్లు 100 గ్రాములకి దాదాపు 450 కేలరీలు, అంటే చిట్టి రోజు తిండిలో సగం. పెద్ద చెంచాడు నెయ్యి 120 దాకా. ఇవన్నీ నేను చెబితే దెప్పినట్టు ఉండేది. అంకెలు చూసి అత్త తనే లెక్కలేసుకుంది. ఆవిడ రిటైరైంది లెక్కల టీచరుగా లెండి.

ఈ కాటా వల్ల నాకు బాగా నచ్చింది ఏంటంటే, పెట్టడం మానమని అత్తకి ఎవరూ చెప్పక్కర్లేదు. పైతిండి కోటాకి ఒక చిన్న స్టీలు డబ్బా పెట్టుకుంది. కీరా ముక్కలు, క్యారెట్, ఉప్పు లేకుండా ఉడికించిన బీన్స్ పొద్దున్నే తూచి అందులో వేస్తుంది. మావయ్య పెట్టినా, పనమ్మాయి పెట్టినా అందులోంచే తీయాలి. అయిపోతే డబ్బా తిరగేసి చిట్టికే చూపిస్తుంది. ఉల్లిపాయ పడిన కూరలు, ద్రాక్ష, ఉడికిన ఎముకలకి మాత్రం తూకమే లేదు, అవి అసలు పెట్టకూడదు.

ఇక లోపాలు. పెద్ద గిన్నె పెడితే తెర కనపడదు. అత్త గరిటె కోసం వెళ్లొచ్చేలోపు ఆఫ్ అయిపోతుంది, మళ్లీ మొదట్నుంచీ. తడి తగిలితే బటన్లు మొరాయిస్తాయి. స్టవ్ తుడిచే గుడ్డతో దీన్ని తుడవకూడదని ఆవిడకి ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. అన్నిటికంటే పెద్ద తలనొప్పి యూనిట్ బటన్. టేర్ పక్కనే ఉండి, పొరపాటున నొక్కితే గ్రాములు పోయి ఔన్సులొస్తాయి. ఒకరోజు 130 రావాల్సిన చోట 4.6 చూపించింది. "ఇంకా నాలుగే" అని అత్త సంతోషంగా పోసుకుంటూ పోయింది. ఆ పూట చిట్టికి పండగ. తర్వాత మావయ్య ఆ బటన్ మీద బ్యాండేజీ ప్లాస్టర్ అంటించారు.

చిట్టి ఇప్పుడు 36 కిలోలు. వారానికి ఒంటి బరువులో ఒకటి రెండు శాతానికి మించి తగ్గించొద్దన్నారు డాక్టరుగారు, కాబట్టి తొందరేం లేదు. డాబా మీదకి ఆగకుండా ఎక్కుతోంది. సంక్రాంతికి మాత్రం "పండగ పూట కాటా ఏందే" అని గారెలు నడిచాయి. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఇప్పుడు మావయ్య జంతికలు కూడా కాటా ఎక్కుతున్నాయి, ఆయన్ని అడిగితే దీనికి ఒక్క స్టారు కూడా ఇవ్వరు.

నేను నాలుగిస్తాను, ఒకటి ఆ యూనిట్ బటన్‌కి కోత. కొనేవాళ్లు తెర పళ్లేనికి కాస్త ముందుకొచ్చిన మోడల్ చూసుకోండి. కుక్కని దీని మీద తూచలేరు, దానికి ఆస్పత్రిలో నేల మీదుండే పెద్ద కాటా కావాల్సిందే.