నేర్పించే ఆటా, సొంత ఆటా?

పెద్దలు టైం పెట్టి, కోచ్‌ని పెట్టి ఆడించేది ఒక ఆట. పిల్లలు తమంతట తాము కల్పించుకునేది ఇంకొకటి.

కోచింగ్ లాభం కళ్లకు కనిపిస్తుంది. ఈత గానీ, బ్యాట్ పట్టే తీరు గానీ సరిదిద్దేవాళ్లుంటే త్వరగా వస్తుంది. అంతవరకు పేచీ లేదు.

సొంత ఆట సంగతి తెలియాలంటే కాసేపు పక్కన కూర్చోవాలి. ఓ అట్టపెట్టె. నాలుగేళ్ల పిల్ల దాన్ని బస్సంటుంది. "డ్రైవర్ని నేనే!" అని పక్కవాడితో గొడవ. రెండు నిమిషాలు మూతి ముడుచుకున్నాక వాడు కండక్టర్ అవుతాడు, బస్సు కదులుతుంది. బేరమాడటం, కోపం దిగమింగుకోవడం, లేనిదాన్ని ఊహించడం, అన్నీ ఆ పెట్టెలోనే. కోచ్ ఉంటే విజిల్ ఊది ఆ గొడవ తనే తేల్చేసేవాడు.

రోజువారీ పనులు చేసుకోవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు తోడ్పడే ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆటను పిల్లల పనిగానే లెక్కిస్తారు, తినడం, బట్టలు వేసుకోవడం లాగే. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణంలో ఆటతో పాటు విశ్రాంతి, తీరిక కూడా హక్కులే. క్లాసు నుంచి క్లాసుకు పరిగెత్తే పిల్లకు ఆ తీరికే కరువు.

నన్నడిగితే ఆరేడేళ్ల దాకా సొంత ఆటకే నా ఓటు. తర్వాత పిల్లే అడిగితే క్లాసులో చేర్చవచ్చు. కదలికలో, మాటలో ఇబ్బంది ఉన్న పిల్లలకు మాత్రం పెద్దల చేయూత ముందు నుంచే కావాలి. అప్పుడైనా ఏం ఆడాలన్నది వాళ్లకే వదలాలి.

"బోర్ కొడుతోంది" అంటే కంగారుపడి ఫోన్ ఇవ్వకండి. పావుగంట ఆగితే అట్టపెట్టె దానంతటదే బయటికొస్తుంది.