ప్రోటీన్ మందుల శుద్ధికి స్ఫటికం మేలా, కాలమ్ మేలా?

జీడిమెట్ల, పాశమైలారం వైపు బల్క్ డ్రగ్ కంపెనీల్లో పనిచేసే స్నేహితులు బయోటెక్ మందుల ధరల మాట వచ్చినప్పుడల్లా, ప్రోటీన్ మందుల వైపున్న నన్ను ఒకటే అడుగుతారు. "మేం రియాక్టర్ చల్లబరిచి, స్ఫటికాలు కట్టించి, సెంట్రిఫ్యూజ్‌లో వేసి ఆరబెట్టేస్తాం. మలినాలు మదర్ లిక్కర్‌తో, అంటే స్ఫటికాలు తీశాక మిగిలే ద్రవంతో పోతాయి. మీరెందుకు లక్షలు పోసి కాలమ్‌లు నడుపుతారు?"

న్యాయమైన ప్రశ్నే. కాలమ్ అంటే రెజిన్ అనే సన్నని పూసలు నింపిన గొట్టం; ద్రవం అందులోంచి పోతుంటే అణువులు వేర్వేరుగా విడిపోతాయి. పైగా ప్రోటీన్ మందుల్లో మొదటి పెద్ద విజయం స్ఫటికానిదే.

1926లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో జాన్ జాకబ్ ఏబెల్ ఇన్సులిన్‌ని స్ఫటికాలుగా చూపించాడు. 1934లో టొరంటోలో డేవిడ్ స్కాట్ అనే శాస్త్రవేత్త దాని కిటుకు పట్టుకున్నాడు: జింక్ ఉండాలి. ఆరు ఇన్సులిన్ అణువులు రెండు జింక్ అయాన్ల చుట్టూ ఒక గుత్తిగా చేరతాయి, ఆ గుత్తులు వరసగా పేర్చుకుంటే స్ఫటికం అవుతుంది. అప్పట్నుంచి పందుల, పశువుల క్లోమాల నుంచి తీసిన ఇన్సులిన్‌ని ఇలాగే శుద్ధి చేసేవారు. మళ్లీ కరిగించి మళ్లీ స్ఫటికం కట్టిస్తే ఇంకా శుభ్రపడుతుందని నమ్మారు.

ఆ నమ్మకం 1967 తర్వాత సడలింది. ఇన్సులిన్ మొదట ప్రోఇన్సులిన్ అనే పొడవాటి రూపంలో తయారవుతుందని షికాగోలో డోనాల్డ్ స్టైనర్ కనిపెట్టాడు. తీరా చూస్తే, ఎన్నోసార్లు స్ఫటికం కట్టించిన ఇన్సులిన్‌లో కూడా ఆ ప్రోఇన్సులిన్ మిగిలే ఉంది! నాకు ఈ మొత్తం చర్చకు మూలం ఇక్కడే ఉందనిపిస్తుంది. స్ఫటికం తనకు పొసగని దాన్ని బయటికి నెడుతుంది, నిజమే. కానీ పోలికలున్న చుట్టాన్ని తన వరసలోనే కూర్చోబెట్టుకుంటుంది. బల్క్ డ్రగ్‌లోనూ ఈ ఇబ్బంది ఉంది. ప్రోటీన్లలో మాత్రం అలాంటి చుట్టాలు చాలా ఎక్కువ: అమైడ్ అనే ఒక్క చిన్న గుంపు ఊడిపోయినది ఒకటి, రెండేసి అతుక్కున్నది ఒకటి.

1970లలో సైజుని బట్టి విడదీసే జెల్ ఫిల్ట్రేషన్, విద్యుదావేశాన్ని బట్టి విడదీసే అయాన్ ఎక్స్‌ఛేంజ్ కాలమ్‌లు రంగంలోకి దిగాక ఆ చుట్టాలు విడిపోయాయి. అంతకుముందు కొందరు రోగులకు సూది వేసుకున్న చోట కొవ్వు కరిగి చర్మం మీద గుంటలు పడేవి. బాగా శుద్ధి చేసిన ఇన్సులిన్ వచ్చాక ఆ బాధ ఎంతో తగ్గింది. కాలమ్ ఖర్చు దండగ అనేవాళ్లకు నేను ముందు ఈ గుంటల సంగతే చెబుతాను.

అలాగని ఇన్సులిన్ ప్లాంట్లు స్ఫటికాన్ని వదిలేయలేదు, చివరి మెట్టుకి జరిపాయి. విడదీసే కష్టమంతా కాలమ్‌లు పడతాయి. ఆ తర్వాత జింక్‌తో స్ఫటికం కట్టిస్తే, కాలమ్ నుంచి వచ్చిన ద్రావకం, ఉప్పు రెండూ నీటితో పాటు పోతాయి. పీపాల కొద్దీ ద్రవం కాస్తా పొడి అవుతుంది. దాన్ని మైనస్ 20 డిగ్రీల్లో దాచుకోవచ్చు. ఈ పనిలో స్ఫటికానికి సాటి లేదు.

యాంటీబాడీ మందుల దగ్గరికొస్తే లెక్క మారుతుంది. 2007లో డాక్టర్ రెడ్డీస్ తెచ్చిన క్యాన్సర్ మందు రిటుక్సిమాబ్ లాంటివన్నీ ఈ కోవలోవే. అణువుల బరువు కొలిచే డాల్టన్లలో చూస్తే ఇన్సులిన్ బరువు దాదాపు 5,800, యాంటీబాడీది లక్షా యాభై వేలు. మధ్యలో కీలులా వంగే భాగం, పైన రకరకాల చక్కెర గొలుసులు. అటూ ఇటూ కదిలే అణువుల్ని వరసలో నిలబెట్టడం చాలా కష్టం.

అదే ప్రోటీన్-ఎ కాలమ్ (యాంటీబాడీని అతుక్కునే ప్రోటీన్-ఎ ని పూసలకు అంటించిన కాలమ్) అయితే, కణాలు పెరిగిన ఆ మురికి ద్రవంలోంచి యాంటీబాడీని ఒక్క అడుగులో పట్టేసి, 95 శాతానికి పైగా శుద్ధంగా వదులుతుంది. రెజిన్ ఖరీదు లీటరుకు లక్షల్లో ఉంటుంది, కాస్టిక్‌తో కడుక్కుంటూ పదే పదే వాడాలి, ఒకరోజు మార్చక తప్పదు. అయినా దాదాపు ప్రతి యాంటీబాడీకీ అదే పద్ధతి పనిచేస్తుంది. స్ఫటికానికైతే ప్రతి కొత్త అణువుకీ పీహెచ్, ఉప్పు, ఉష్ణోగ్రత మొదట్నుంచీ వెతుక్కోవాలి. ఇంకోటి: కాలమ్ నుంచి యాసిడ్‌తో దింపిన ద్రవాన్ని పీహెచ్ 3.5 దగ్గర ఓ గంట ఉంచితే పొర ఉన్న వైరస్‌లు చస్తాయి. చిట్టెలుక కణాల్లో పెంచే మందుకి ఇది ప్రాణం లాంటి మెట్టు. స్ఫటికంతో కాలమ్‌ని తీసేస్తే ఈ మెట్టును విడిగా పెట్టుకోవాలి.

మరి యాంటీబాడీకి స్ఫటికం వద్దా? వద్దనను. పూర్తి యాంటీబాడీల్నీ స్ఫటికం కట్టించి చూపించారు. 2017లో పెంబ్రోలిజుమాబ్ అనే క్యాన్సర్ యాంటీబాడీని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పెంచితే, ఒకే సైజు చిన్న స్ఫటికాలు వచ్చాయి. చిక్కటి యాంటీబాడీ ద్రావణం తేనెలా సాగుతుంది, సన్నని సూదిలో దిగదు. అదే మోతాదు స్ఫటికాలుగా నీళ్లలో తేలితే తేలిగ్గా దిగుతుంది. రోగి గంటల తరబడి సెలైన్ కింద పడుకోకుండా ఇంట్లో సూది వేసుకోగలడంటే, ఈ ప్రయత్నం విలువ చిన్నది కాదు.

అందుకే నా తీర్పు ఇది: ఇన్సులిన్‌కి కాలమ్ తర్వాత స్ఫటికం. యాంటీబాడీకి ప్రోటీన్-ఎ కదలకూడదు. దాని తర్వాత, మిగిలిన మలినాలు తీసి మెరుగుపెట్టే రెండు కాలమ్‌లలో ఒకదాని బదులు స్ఫటికాన్ని ప్రయత్నించవచ్చు. కలకండకి పాకంలో దారం వేసినట్టు చిన్న స్ఫటికాలే విత్తనంగా వేసి, నిదానంగా కలుపుతూ చూడండి. కాకపోతే పైన తేలిన ద్రవాన్ని పరీక్షించి సంతోషపడొద్దు. వడకట్టిన స్ఫటికాల్ని మళ్లీ కరిగించి, మలినాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో పెట్టండి. చుట్టాలు లోపల కూర్చున్నాయో, బయటికి వెళ్లాయో అక్కడే తెలుస్తుంది.